కుర్చీ మీద చెయ్యి

మా అమ్మాయి బ్రయనీ పొట్టిది. సోఫాలో కూర్చుంటే కాళ్ళు నేలకు అందవు. పాలిచ్చేటప్పుడు కాళ్ళు ఆనకపోతే ఒళ్ళో పసిబిడ్డ కుదురుగా ఉండదు. ఆ పనికోసమే మా ఇంట్లో విక్టోరియా రాణి కాలంనాటి పొట్టికుర్చీ ఒకటి ఉండేది. జానెడు కాళ్ళు, గుండ్రటి వీపు, మోచేతులకు అడ్డం రాకుండా రెండు పక్కలా ఖాళీ. మా అమ్మమ్మ, మా అమ్మ, నేను, అందరం అందులో కూర్చునే పిల్లలకు పాలిచ్చాం. వరదొచ్చిన ఏడాది ట్రెంట్ నది మా వంటింట్లోకి వచ్చి దాన్ని కీలుకు కీలు ఊడదీసి పోయింది.

ఇప్పుడు బ్రయనీకి నెలలు నిండుతున్నాయి. "అమ్మా, నాకు అలాంటి కుర్చీయే కావాలి" అంది. చిన్నప్పటినుంచి నోరు తెరిచి ఏదీ అడగని పిల్ల అడిగితే ఎలా ఊరుకుంటాను?

అందుకని నేనూ మా ఆయన క్లైవూ పాత సామాన్ల ప్రదర్శనల వెంట పడ్డాం. లింకన్ పట్టణం దగ్గర మైదానంలో జరిగేదానికి పొద్దు పొడవకముందే చేరుకున్నాం. క్లైవ్ బేకన్ రొట్టె నములుతూ, కంటికి కనబడిన ప్రతి అలమరా దగ్గరా ఆగి, "ఇది విక్టోరియా కాలందేనే" అంటాడు. నిన్నగాక మొన్న చేసి ముదురు రంగు పూసిన బల్లకు కూడా ఆయన దండం పెట్టేసేలా ఉన్నాడు.

వాన మొదలైంది. ఒక గుడారం కింద కనబడింది కుర్చీ. అచ్చం మాదే. కానీ దాని వీపు మీద అప్పటికే ఒక చెయ్యి ఉంది.

ఈ ప్రదర్శనల్లో ఎవరూ రాయని చట్టం ఒకటుంది. వస్తువు మీద ఎవరి చెయ్యి ఉంటే బేరం వాళ్ళది. చెయ్యి తీశారా, ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. ఆ చెయ్యి గ్వెండా అనే పాత సామాన్ల వ్యాపారిది. పెద్దావిడ, మగవాళ్ళ కోటు, మైదానమంతా వినబడే గొంతు.

"ఏం తల్లీ, కళ్ళతోనే తినేసేలా ఉన్నావు? ఇది నాది. అమ్మేవాడు టీకని పోయి అక్కడే కాపురం పెట్టాడు" అంది. కాసేపు కాలు మార్చి కాలు వేసింది. ఇక ఆగలేక, "నీకు పుణ్యముంటుంది, కాస్త చెయ్యి వేసి ఉంచు. నేను దొడ్డికి పోయి రావాలి" అని నా చెయ్యి లాగి కుర్చీ మీద పెట్టి పరుగెత్తింది.

ఆవిడ అటు వెళ్ళిందో లేదో, అమ్మే గడ్డపాయన ఇటు వచ్చాడు. "తీసుకుంటారా అమ్మా?"

క్లైవ్ నా చెవిలో గొణిగాడు. "అవునను! చెయ్యి నీదేగా!"

నాలుక చివరిదాకా వచ్చింది. నా అరచేతి కింద ఆ కొయ్య నున్నగా, మా అమ్మ కుర్చీలాగే ఉంది.

"చెయ్యి నాదే. బేరం ఆవిడది" అన్నాను. క్లైవ్ నావైపు చూసిన చూపు చెప్పనక్కర్లేదు.

గ్వెండా తిరిగొచ్చాక క్లైవ్ ఉండబట్టలేక కడుపులోదంతా కక్కేశాడు. కూతురు, కడుపు, వరద, అన్నీ. ఆవిడ గొంతు మొదటిసారి తగ్గింది. "అయ్యో, దీన్ని వేరేవాళ్ళకు ఇస్తానని మాటిచ్చేశానే. ఫోన్ నంబరు ఇవ్వు. కనబడితే చెబుతా."

వ్యాపారులందరూ అనే మాటే అది. ఇంటికొచ్చేదాకా నా మంచితనాన్ని నేనే తిట్టుకున్నాను.

తర్వాతి వారం ఫోన్ మోగింది. "గ్వెండాని. డెర్బీ దగ్గర ప్రదర్శనలో ఉన్నా. నీ కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డా. పిల్లను తీసుకుని రా. కూర్చునేవాళ్ళే వచ్చి ఎత్తు చూసుకోవాలి."

"మీరు కొనేయండి, వచ్చి డబ్బిచ్చేస్తాం."

"నేను కొన్నానంటే లాభం వేసుకోకుండా ఇవ్వలేను. కన్నతల్లికైనా ఇవ్వలేను. అది నా జబ్బు. అందుకే కొనను. త్వరగా రండి."

మేం చేరేసరికి చాలామంది సామాన్లు సర్దుకుంటున్నారు. గ్వెండా అక్కడే ఉంది. కోటు తడిసి కారుతోంది. ఎవరో తెచ్చిచ్చిన టీ ఎడమచేతిలో చల్లారిపోయింది. పక్క గుడారం ఆయన నవ్వుతూ, "పొద్దున్నుంచి ఇక్కణ్ణుంచి కదిలితే ఒట్టు. ఈవిడ ఒక్క చెంచా కూడా కొనకుండా ఇంటికి పోవడం ఇదే మొదటిసారి" అన్నాడు.

బ్రయనీ పొట్ట పట్టుకుని మెల్లగా కూర్చుంది. రెండు పాదాలూ నేలకు ఆనాయి. నావైపు చూసి ఏదో అనబోయి ఏడ్చేసింది.

నేను గ్వెండా చేతిమీద నా చెయ్యి వేశాను. మంచుగడ్డలా ఉంది. ఈ ముసలిదానికి నేనేమవుతాను? నా బిడ్డ కోసం, పుట్టబోయే దాని బిడ్డ కోసం రోజంతా వానలో నిలబడింది. నా జన్మలో ఎవరిమీదా ఇంత కృతజ్ఞత కలగలేదు. ఆ మాటే చెప్పాలని నోరు తెరిచాను. ఆవిడ వినే స్థితిలో లేదు. కాలు మార్చి కాలు వేస్తోంది.

"ఇక వెళ్ళి రండి గ్వెండా" అన్నాను. "నేను పట్టుకున్నాను."