ఐదో వాటా

ఉప్పుగాలి. పెదవుల మీద ఉప్పు, కనురెప్పల మీద ఉప్పు, కొత్త చీర అంచులో ఉప్పు.

ఆ గాలిలోనే ఫోన్ మోగింది.

ఆమె భర్త ఒక చెవిలో వేలు పెట్టుకున్నాడు. రెండో చెవికి ఫోన్ అదుముకున్నాడు. "హలో... డాక్టరుగారూ... ఆఁ, చెప్పండి" అంటూ ఇసుకలో గుండ్రంగా తిరిగాడు.

ఆమె ఆ పాదాల్నే చూస్తోంది.

పాదాలు ఆగాయి.

"నాన్నా... రిపోర్టు బాగుందట. గొంతులో ఏమీ మిగల్లేదట. ఇంక ఏదైనా తినొచ్చట!"

అత్తగారు ఉన్నచోటే ఇసుకలో కూలబడ్డారు. ఆడపడుచు చెప్పులు రెండూ గాల్లోకి విసిరింది. ఒకటి మళ్ళీ చేతికొచ్చింది. రెండోదాన్ని అల పట్టుకుపోయింది. ఎవరూ దాని వెనక పరుగెత్తలేదు.

"మింగడం కష్టమైతే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా వచ్చేయమన్నారు" అని కూడా అన్నాడు అతను.

కానీ అప్పటికే అందరూ నవ్వుతున్నారు. అంత నవ్వులో ఆ రెండో మాటకి చోటు దొరకలేదు.

ఆమెకి మాత్రం వినిపించింది. కొత్త కోడలు కదా — ఆ ఇంట్లో ఎవరేమన్నా ఇంకా ఒళ్ళంతా చెవులు చేసుకునే వింటోంది.

పెళ్ళై నలభై మూడు రోజులు.

నలభై మూడు రోజులుగా ఆమెకి ప్రతిదీ కొత్తే, ప్రతిదీ ముద్దే. అతను బత్తాయి తొక్కని తెగకుండా ఒకే తీగలా ఒలుస్తాడు. నిద్రలో 'ఊఁ' అంటాడు, ఎవరూ ఏమీ అడక్కుండానే. ఆడపడుచు ఆమె దువ్వెన వాడుకుని, పట్టుబడి, ఆమెకే జడ వేస్తుంది. ఇన్ని చిన్న చిన్న సంతోషాలు ఒక్క ఇంట్లో ఎలా పట్టాయో అని ఆమెకి ఆశ్చర్యం.

మామగారిది మాత్రం వేరే కొలత.

ముప్ఫై ఒక్క ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఎన్ని దుకాణాలు, ఎన్ని తక్కెడలు, ఎన్ని దొంగ రాళ్ళు! రిటైరయ్యాక చేతికి తక్కెడ లేదు. చెయ్యే తక్కెడైంది. ఇంట్లో ఎవరూ ఏదీ ఎవరి పళ్ళెంలో వాళ్ళు వేసుకోరు. బయట తిన్నా అంతే. ఒక్కో వంటకం ఒక్కోటే తెప్పిస్తారు. ఆయన గరిటె తీసుకుంటారు. ఐదుగురుంటే ఐదు వాటాలు. ముక్కకి ముక్క, మెతుక్కి మెతుకు.

వెనకాల పిల్లలు ఆయన్ని 'తక్కెడ' అంటారు. ముందర కూడా అంటారు. ఆయనకి అది బిరుదు.

ఎనిమిది నెలలుగా ఆ చెయ్యి వడ్డిస్తూనే ఉంది. తనకి మాత్రం వడ్డించుకోలేదు. కొడుకు పెళ్ళి భోజనాల్లో ప్రతి బల్ల దగ్గరికీ వచ్చి, 'ఇంకొంచెం... ఇంకొంచెం' అని అందరికీ కొసరి వేయించారు. తర్వాత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఫ్లాస్కులో జావ తాగారు.

ఇప్పుడు — ఏదైనా తినొచ్చు.

అల వచ్చింది. అల వెళ్ళింది. అందరికీ ఒక్కసారిగా ఆకలేసింది.

*

నీలం కుర్చీల హోటలు. బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ, గుడ్డ మీద ఇసుక, ఇసుక మీద సీసా అడుగుల గుండ్రటి తడి.

"కొత్తమ్మాయి నా పక్కన కూర్చుంటుంది" అన్నారు మామగారు. "తూకం నేర్చుకోవాలిగా."

ఆమె పొంగిపోయింది. ఆ పక్కకుర్చీ కోసం ఆడపడుచు అలిగింది కూడా.

వేయించిన రొయ్యలు వచ్చాయి. పొగలు కక్కుతున్నాయి. ఆయన గరిటె తీసుకున్నారు. ఇరవై రొయ్యలు, ఐదు పళ్ళేలు, నాలుగేసి. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఐదో పళ్ళెం ఆయనదే.

అత్తగారు తినడం మానేసి ఆయన్నే చూస్తున్నారు.

ఆయన ఒకటి నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. "ఆహా" అన్నారు.

అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని, "గాలి... ఇసుక" అన్నారు. అందరూ గాలిని తిట్టారు. అందరూ తిన్నారు. ఎవరి పళ్ళెం వాళ్ళు చూసుకుంటూ తిన్నారు — తక్కెడ ఇంట్లో అదొక అలవాటు. వాటా సరిగ్గా ఉంటుందని తెలిసినప్పుడు పక్కవాడి పళ్ళెంలోకి ఎవరు చూస్తారు?

ఆమె చూసింది.

ఆ ఒక్క రొయ్య ఇంకా ఆయన బుగ్గలోనే ఉంది. అలా ఉంది... అలాగే ఉంది. ఆయన కాగితం రుమాలు తీసుకున్నారు. దగ్గినట్టు దగ్గారు. రుమాలు మడత పడింది, జేబులోకి వెళ్ళింది.

తర్వాత ఆయన పళ్ళెం మెల్లగా జరిగింది. అంచు ఆమె పళ్ళెం అంచుని తాకింది. స్పూను ఒక్క తోపు తోసింది.

మూడు రొయ్యలు.

"బాగా వేగాయి తల్లీ, తిను" అన్నారు పైకి. ఆయన కళ్ళు మాత్రం వేరే మాట అన్నాయి.

ఆమె తింది.

ఏం చెయ్యాలి? తింది.

*

మర్నాడు మధ్యాహ్నం మేడ మీద రెస్టారెంటు. గాలికి రుమాళ్ళు కొంగల్లా ఎగిరిపోతుంటే ఆడపడుచు వాటి వెంట పరుగెత్తింది. నూడుల్సు వచ్చాయి. నూడుల్సుని ఐదు సమాన వాటాలు వెయ్యడం ఎవరివల్లా కాదని కొడుకు పందెం కట్టాడు. ఆయన చేసి చూపించారు. చప్పట్లు.

ఆ చప్పట్లలో అంచు అంచుని తాకింది.

సాయంత్రం గాజు తొట్టిలో చేపలు తిరిగే చోటు. మెత్తగా ఉంటుందని ఆమే సూప్ అడిగింది. ఆయన ఆమె వైపు కృతజ్ఞతగా చూశారు. ఒక చెంచా. రెండు. మూడో చెంచా దగ్గర ఆయన మెడలో ఏదో నిలిచిపోవడం, కళ్ళలో నీళ్ళు తిరగడం, వాటిని ఆయన చిరునవ్వుగా మార్చుకోవడం... అంతా ఆమె చూసింది.

తొట్టిలో ఒక చేప గాజుకి మూతి ఆనించి నోరు తెరుస్తోంది, మూస్తోంది. శబ్దం లేదు.

గిన్నె మారింది. ఆమె రెండో సూపు కూడా తాగింది.

"అమ్మో, వదినా!" ఆడపడుచు కళ్ళు గుండ్రంగా చేసింది. "పెళ్ళిలో మూడు మెతుకులు కొరికిన పిల్లవేనా నువ్వు? అన్నయ్యా, జాగ్రత్త. ఈ తొట్టిలో చేపల్ని కూడా వదిలేట్టు లేదు."

"సముద్రపు గాలి పడింది దానికి" అని అతను మురిసిపోయాడు.

"గాలో... ఇంకేదైనా విశేషమో!"

"నోర్ముయ్యవే" అన్నారు అత్తగారు. నవ్వలేదు. నిమ్మకాయ సోడా ఒకటి తెప్పించి, మాట్లాడకుండా కోడలి ముందుకి జరిపారు.

ఆమె ముఖం ఎర్రబడింది. సిగ్గనుకున్నారు అందరూ.

చేతులు కడుక్కునే చోట ఆమె ఆయన్ని పట్టుకుంది. కుళాయి వదిలేసి, ఆ చప్పుడు చాటున, "మామయ్యా, డాక్టరుగారికి ఒక్క ఫోన్ చేద్దాం. ఒక్క పూట కూడా ఆగొద్దన్నారుగా" అంది.

"విన్నావా నువ్వు?"

"విన్నాను."

ఆయన చేతులు కడుక్కుంటూనే ఉన్నారు. శుభ్రంగా ఉన్న చేతులు.

"ఈ నాలుగు రోజులూ గడవనీ తల్లీ. మీ అత్తయ్య ఎనిమిది నెలలు వంటింట్లో నిలబడి తింది, నా కంటపడకుండా. ఇప్పుడిప్పుడే కూర్చుని తింటోంది. ఇంటికెళ్ళగానే నేనే చెప్తాను. నువ్వు మాత్రం చెప్పకు."

"ఈలోపు ఏమైనా అయితే?"

ఆయన కుళాయి కట్టేశారు. "అన్నం మెతుకంత మాట. కాస్త నోట్లోనే ఉంచుకో" అన్నారు.

మెతుకంత మాట.

ఆమె గొంతులో అది బండరాయై కూర్చుంది.

*

మూడో రోజు. అలలు వెనక్కి తగ్గాయి. తడి ఇసుక మీద ఆకాశం పడుకుని ఉంది.

అతను ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. ఇద్దరి నీడలూ ఒకటే నీడ. చెప్పేద్దాం. ఆ రాయి దాకా వెళ్ళాక చెప్పేద్దాం.

రాయి వచ్చింది.

"నీకో సంగతి చెప్పనా?" అన్నాడు అతనే ముందుగా. "ఎనిమిది నెలల తర్వాత మొన్న రాత్రి నేను కలలు లేకుండా నిద్రపోయాను. నాన్న రొయ్య తిని 'ఆహా' అన్నాడు చూడూ... ఆ ఒక్క 'ఆహా' చాలే నాకు."

అల వచ్చి పాదాల కింది ఇసుకని లాగేసింది. ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏంటీ, నువ్వూ ఏదో చెప్పబోయావ్?"

"ఏం లేదు" అంది. "చలిగా ఉంది."

ఎండ కాస్తోంది. అయినా అతను తన తువ్వాలు తీసి ఆమె భుజాల మీద కప్పాడు. ఆ ప్రేమ చూస్తే ఏడుపొచ్చింది. ఇంకో రాయి దాకా వెళ్ళారు. ఆ తర్వాత రాళ్ళు లేవు.

*

ఆ సాయంత్రం, పొద్దు వాలకముందే — నీళ్ళ మీదికి చెక్కలు పరిచి కట్టిన హోటలు. చెక్కల సందుల్లోంచి కింద సముద్రం కనిపిస్తోంది. కుర్చీ జరిపితే సముద్రం కదిలినట్టుంటుంది.

పెద్ద చేప వచ్చింది. నిండు చేప, నిప్పుల మీద కాల్చింది, చర్మం పెళపెళలాడుతోంది.

ఆయన గరిటె తీసుకున్నారు.

వెన్నుముల్లు ఒక్క లాగుతో బయటికొచ్చింది. ఆయన చెయ్యి అందంగా కదిలింది. అత్తగారికి ఒక వాటా. కొడుక్కి. కూతురికి. కోడలికి.

గరిటె కింద పెట్టారు.

చేప అయిపోయింది.

ఆయన పళ్ళెం తెల్లగా, ఖాళీగా, బల్ల మీద చందమామలా ఉంది.

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆడపడుచు పగలబడి నవ్వింది.

"నాన్నా! లెక్క తప్పావ్! నలుగురికే వేశావ్. తక్కెడకి తుప్పు పట్టిందర్రోయ్!"

"ఎనిమిది నెలల అలవాటు, పాపం" అన్నాడు కొడుకు, అతనూ నవ్వుతూ. "చెయ్యి మర్చిపోయింది."

ఆయన తన చేతిని చూసుకున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎన్నడూ తప్పని చెయ్యి. 'అరె' అన్నారు. నవ్వారు.

ఆమె నవ్వలేదు. చెయ్యి మర్చిపోలేదు. ఆ చేతికి తెలుసు. గొంతులోకి ఏది వెళుతుందో, ఏది వెళ్ళదో తూచి చూసుకుంది. సున్నా వచ్చింది. అంతే వడ్డించింది.

ఆ తర్వాత జరిగింది ఆపడం ఎవరి తరం?

కూతురు తన వాటాలోంచి ఒక ముక్క తుంచి ఆయన పళ్ళెంలో వేసింది. "ఇదిగో, పొట్ట దగ్గరిది, మెత్తనిది." కొడుకు ఒక ముక్క తుంచాడు. ఇంకోటి తుంచాడు. "ఎనిమిది నెలల బాకీ నాన్నా, తిను." కూతురు మళ్ళీ వేసింది. ఖాళీ పళ్ళెం నిండింది. బల్ల మీద అన్నిటికన్నా నిండైన పళ్ళెం అదే అయింది.

అంత ప్రేమ. పొగలు కక్కుతూ అంత ప్రేమ ఆయన ముందు కూర్చుంది.

ఈసారి ఎవరూ తమ పళ్ళెం చూసుకోవడం లేదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు.

ఆయన ఆమె వైపు చూశారు.

ఆమె ఏం చెయ్యగలదు? అంచు అంచుని తాకడానికి వీల్లేదు. ఆరు కళ్ళు కాపలా కాస్తున్నాయి. చెప్పెయ్యాలి — ఇప్పుడే. నోరు తెరిచింది. గాలి లోపలికి వెళ్ళింది, మాట బయటికి రాలేదు. తొట్టిలో చేపకీ తనకీ తేడా ఏముంది?

ఆయన ఒక ముక్క తుంచారు. నోట్లో పెట్టుకున్నారు.

నమిలారు.

కింద అల వచ్చి స్తంభాల్ని కొట్టింది. వెళ్ళింది.

నమిలారు.

ఇంకో అల.

నమిలారు... నుదుటి మీద చెమట. మెడలో ఒక నరం తాడులా లేచింది. కొడుకు నవ్వు మెల్లగా, ఏమిటో తెలియకుండానే సన్నబడుతోంది. "నాన్నా?" అన్నాడు —

"అదిగో, పడవ!" అన్నారు అత్తగారు.

గట్టిగా అన్నారు. పక్క బల్లల వాళ్ళు కూడా తిరిగేంత గట్టిగా. చెయ్యి చాచి సముద్రం వైపు చూపించారు. "చూడండర్రా, ఎంత పెద్దదో! మూడు తెరచాపలు!"

అందరూ తిరిగారు. కొడుకు తిరిగాడు. కూతురు కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఏదమ్మా? ఎక్కడ?"

"అక్కడే... ఆ ఎరుపు దగ్గర... సరిగ్గా చూడండి."

కోడలు కూడా చూసింది. నీళ్ళు. నీళ్ళ మీద ఎరుపు. ఎరుపు చివర మళ్ళీ నీళ్ళు.

పడవ లేదు.

తల తిప్పింది. మామగారి రుమాలు మడత పడుతోంది. దాన్ని అందుకోవడానికి బల్ల కింద ఒక చెయ్యి సిద్ధంగా చాచి ఉంది. ఆ చెయ్యి అత్తగారిది. మామగారు ఆ చేతిని చూశారు. రుమాలు అందులో పెట్టారు.

అత్తగారి ముఖం ఇంకా సముద్రం వైపే ఉంది.

"పడవా లేదు, గిడవా లేదు" అంటూ ఆడపడుచు కూర్చుంది. "నీకు కళ్ళజోడు మార్చాలే అమ్మా."

"మారుద్దాంలే" అన్నారు అత్తగారు.

ఎప్పట్నుంచి? కోడలు అత్తగారి కళ్ళలో వెతికింది. ఆ నిమ్మకాయ సోడా దగ్గర్నుంచా? మొదటి రోజు కళ్ళు తుడుచుకున్నప్పట్నుంచా? చెప్పమంటారా, వద్దంటారా? ఈ రాత్రే బయల్దేరదామా? ఎవరు ముందు అనాలి?

అత్తగారి కళ్ళు ఏమీ చెప్పలేదు. ఆ కళ్ళలో కూడా ఒక ముక్క నిలిచిపోయి ఉంది. కిందికి దిగదు. బయటికి రాదు.

గాలి లేచింది. పెదవుల మీదికి మళ్ళీ ఉప్పు వచ్చింది.

"రేపటి సంగతి చెప్తున్నా, వినండి" అన్నారు అత్తగారు, పమిట భుజం చుట్టూ లాక్కుని. "పొద్దున్నే ఎనిమిదింటికల్లా అందరూ తయారుగా ఉండాలి. ఆ మలుపు దగ్గరి హోటల్లో టిఫిన్. కొత్త జంట ఇద్దరూ పక్కపక్కన కూర్చోండి."

కోడలి వైపు తిరిగారు.

"ఆయన పక్కన నేను కూర్చుంటాను."