కిల్‌ఫెర్రిక్ తొట్టి, మాగ్నస్ గడ్డం

నేను ఒక రాతి తొట్టిని. తొట్టి అనగానే కుడితి గుర్తొచ్చి మొహం చిట్లించకండి. కుడితి సంగతీ ఉంది, దాపరికం లేకుండా చెబుతాను, కాని వరసలో రానివ్వండి. పుట్టుకతో నేను పందుల దాన్ని కాను, దేవుడి దాన్ని. స్కాట్లాండు ఈశాన్య తీరంలో, సముద్రంలోకి తొంగిచూసే ఒక గుట్ట మీద, కిల్‌ఫెర్రిక్ అనే ఊరి చర్చిలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చే తొట్టిని. కిల్ అంటే వాళ్ళ పాత భాషలో గుడి. ఫెర్రిక్ ఆ గుడి కట్టిన సన్యాసి. ఆయన ఎండ కోసం ప్రార్థిస్తే మంచు కురిసేదట, మంచు కోసం ప్రార్థిస్తే ఇంకాస్త మంచు కురిసేదట. అందులో ఆయన తప్పేమీ లేదు, ఆ ఊరి వాతావరణమే అంత.

నన్ను చెక్కినవాడు హెర్విక్ అనే రాతిపనివాడు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి మాట. నాలుగు పక్కలా నాలుగు సింహాలు ఉండాలని మఠం పెద్దలు ఆజ్ఞాపించారు. పాపం అతను పుట్టి బుద్ధెరిగాక సింహం మొహం చూసింది లేదు. తన గొర్రెల కాపలా కుక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెక్కేశాడు. అది మధ్యలో నిద్రపోయింది కాబట్టి నా నాలుగో సింహం కూడా నిద్రపోతూ ఉంటుంది. పెద్దలు వచ్చి చూశారు. వాళ్ళలోనూ సింహాన్ని చూసినవాడు లేకపోవడంతో అందరూ భేష్ అన్నారు.

ఇక నా వైభవం చూడాలి! నాలోని నీళ్ళకు ఊళ్ళో ఎంత గిరాకీ అంటే, ఫాదరు అటు తిరిగితే చాలు, ఇటు ఎవరో ఒకరు చెంబు ముంచేసేవారు. జ్వరమొచ్చిన ఆవుకు పట్టించేవారు, వలల మీద చల్లేవారు, గయ్యాళి అత్తగారి మీద కూడా చల్లి ఏమవుతుందోనని చూసేవారు. చివరికి నాకో మూత, ఆ మూతకో తాళం బిగించారు. ఆ తాళం చూసుకుని నేను కొన్ని వందల ఏళ్ళు మిడిసిపడ్డాను.

ఓడలు బండ్లవుతాయంటారు, నేను దొర్లుడు రాయినయ్యాను. దేశం మతం మార్చుకుంది, దేవుడు ఆయనే, పద్ధతులే వేరు. రంగు అద్దాలు తప్పు, బొమ్మలు తప్పు, పాటలు తప్పు అన్నారు. నా సింహాలు విగ్రహాల కింద లెక్క అన్నారు. కుక్కలండీ బాబూ అని చెప్పడానికి నాకు నోరేదీ? నన్ను గుట్ట మీద నుంచి తోసినవాళ్ళందరికీ చిన్నప్పుడు నాలోనే తలలు తడిపారు. విశ్వాసం ఎక్కడుంది చెప్పండి! అయితే నిజం దాచడమెందుకు, ఆ దొర్లుడు మహా బాగుంది. ఆకాశం, గడ్డి, సముద్రం, గడ్డి, ఆకాశం! అన్నేళ్ళు కదలకుండా కూర్చున్నదాన్ని, ఒక్కసారిగా గిరగిరా తిరిగి, బార్లీ చేలు దాటుకుని వెళ్ళి ఒక రైతు పందుల దొడ్డిలో పడ్డాను. ఆ రైతు అటూ ఇటూ చూసి, దేవుడే పంపాడనుకుని కుడితి పోశాడు.

పందులతో నాకు మూడు శతాబ్దాల స్నేహం. వాటికి పాత మతమూ కొత్త మతమూ ఒకటే, వేళకు కుడితి ఉంటే చాలు. అవతల మనుషులు ఏ ప్రార్థన ఎలా చేయాలని తలలు పగలగొట్టుకుంటున్నారు, ఇవతల మేము హాయిగా ఉన్నాం.

అక్కడి నుంచి నన్ను పైకి తెచ్చినవాడు పిరీ అయ్యగారు. ఎడిన్‌బరో నుంచి కొత్తగా వచ్చిన పాస్టరు. పాత రాళ్ళంటే పిచ్చి, మర్యాదలంటే అంతకన్నా పిచ్చి. పందికి కూడా టోపీ తీసి, పక్కకు జరగమని బతిమాలి, నా అంచు తడిమి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గుర్రాలు కట్టి నన్ను గుట్టెక్కించి, ఉప్పుతో తోమించి, చర్చిలో నిలబెట్టాడు. “పందుల తొట్టిలో పిల్లల్ని తడుపుతారా?” అని ఊరంతా ముక్కున వేలేసుకుంటూనే, మొదటి బాప్తిస్మం చూడ్డానికి ఒక్కరూ తప్పకుండా వచ్చింది.

ఆ రోజు ఇద్దరు పసివాళ్ళు. ఒకడు మాగ్నస్, బార్లీ రైతు మార్జరీ మామ్మ మనవడు. ఆ ఇంటి మగవాళ్ళ గడ్డాలు ఆ తీరంలోనే పేరుమోసినవి. మాగ్నస్ తాత గడ్డాన్ని పడవవాళ్ళు దూరం నుంచే చూసి ఒడ్డు గుర్తుపట్టేవారని చెప్పుకునేవారు. రెండోది గ్రిజెల్, హెర్రింగు చేపలు పట్టే వాళ్ళ పిల్ల. ఇక్కడ ఆ ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. ఒకే నీళ్ళలో మగపిల్లాడికీ ఆడపిల్లకీ బాప్తిస్మం ఇస్తే, మగపిల్లాడే ముందు. ఆడపిల్ల ముందయితే వాడికి రావలసిన గడ్డం ఆమెకు వెళ్ళిపోతుంది. ఇది ఊళ్ళో కుక్కకు కూడా తెలుసు. ఎడిన్‌బరోలో మాత్రం నేర్పలేదు.

పిరీ అయ్యగారు నడుం వంచి, “ముందు అమ్మాయిగారు” అంటూ గ్రిజెల్‌ని అందుకున్నాడు.

“ఆగండి అయ్యగారూ! మగపిల్లాడు, మగపిల్లాడు ముందు!” అని మార్జరీ మామ్మ కేక వేసేసరికే నీళ్ళు పడిపోయాయి. అంతే, చర్చిలో హాహాకారాలు.

“అయ్యో, మావాడి గడ్డం పోయిందిరా దేవుడా! ఆ పిల్ల నీళ్ళు తుడిచేసి మళ్ళీ మొదలెట్టండి!”

“బాప్తిస్మం వెనక్కి తీసుకోవడం కుదరదమ్మా. వేదాంతంలో గడ్డం ప్రస్తావనే లేదు.”

“మీ వేదాంతం నాకెందుకండీ! రేపు వాడి మొహం ఎవరు చూస్తారు?”

నవ్వుతో నా నీళ్ళు పొర్లాయంటే నమ్మండి. కాని నవ్వు నాకు, కష్టం ఆ పిల్లకు. గ్రిజెల్ తల్లి ఆరాధన అయ్యాక ప్రతి ఆదివారం కూతుర్ని కిటికీ వెలుగులో నిలబెట్టి చుబుకం వెతికేది. తోటి పిల్లలు సబ్బు నురగ తెచ్చి పూస్తామని వెంటపడేవారు. పెళ్ళీడు వచ్చాక సంబంధాలన్నీ గుమ్మం దాకా వచ్చి, చుబుకం చూసి, వాన వచ్చేలా ఉందంటూ వెళ్ళిపోయేవి. మార్జరీ మామ్మకయితే ఆమె పేరే లేదు, “గడ్డం దొంగ” అనేది. అటు మాగ్నస్ పాతికేళ్ళ వాడయ్యాడు, చెంపలు మాత్రం వెన్నముద్దల్లా నున్నగా ఉన్నాయి. ఆశ చావక ప్రతి శనివారం నురగ పూసుకుని, కత్తితో ఆ నురగనే గీక్కునేవాడు.

ఊరంతా కలిసి ఎగతాళి చేసే ఇద్దరు ఒకే బల్ల మీద చేరడంలో వింతేముంది? ఆ బల్ల నా పక్కనే.

“నా గడ్డం నీ దగ్గర కులాసాయేనా?” అన్నాడు మాగ్నస్ ఒక ఆదివారం.

“తిండికి లోటు చెయ్యట్లేదులే” అంది గ్రిజెల్.

అంతే, ఇద్దరూ కీర్తన పుస్తకాల వెనక దాక్కుని ఒకటే నవ్వు. ఇలాంటి ప్రేమ నేను ఇంకెక్కడా చూడలేదు. నా రాయి కూడా వెచ్చబడింది.

అక్కడ పెళ్ళి అనుకుంటే మూడు ఆదివారాలు చర్చిలో పేర్లు చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పాలి. మొదటి ఆదివారం, జుట్టు నెరిసిపోయిన పిరీ అయ్యగారు పేర్లు చదివాడో లేదో, మార్జరీ మామ్మ లేచింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి ఆవిడ.

“నాకుంది అభ్యంతరం! మా ఇంటి గడ్డం ఎత్తుకుపోయిన పిల్లను మా ఇంటికే కోడల్ని చేస్తారా? దాని చుబుకం మీద పుట్టుమచ్చ చూడండి! అందులోంచి వెంట్రుక మొలిచింది! ఇంకేం సాక్ష్యం కావాలి?”

నిజమే, ఒక్క వెంట్రుక. జనం బల్లలెక్కి మరీ చూశారు. మాగ్నస్ లేవబోయాడు, బల్లలెక్కిన జనం అడ్డుపడ్డారు. ఎన్నో గొడవలు చూసిన నాకు కూడా అప్పుడు భయమేసింది. ఈ ఒక్క మాట నిలబడితే ఆ పిల్ల బతుకంతా ఇక చేపల పీపాల మధ్యే, ఒంటరిగా.

గ్రిజెల్ మాత్రం మెల్లగా నడిచి వచ్చి ఆవిడ ఎదుట నిలబడి, చుబుకం పైకెత్తింది.

“నువ్వన్నది నిజమే మామ్మా. మీ గడ్డం నా దగ్గరే ఉంది, ఇదిగో. నన్ను కాదంటే ఇంకెవరినో చేసుకుంటాను, లేదా చేపల పనికి దక్షిణాది రేవులకు పోతాను. నాతోపాటే మీ గడ్డమూ పోతుంది. అదే నన్ను మీ ఇంటికి తెచ్చుకున్నావనుకో, గడ్డం కూడా ఇల్లు చేరుతుంది. ఎలా చేస్తావో నీ ఇష్టం.”

మార్జరీ మామ్మ ఆ వెంట్రుక వంక చూసింది. మనవడి చెంపల వంక చూసింది.

“ఇన్నాళ్ళూ ఈ ముక్క చెప్పలేదేమే పిల్లా?” అని, అయ్యగారి మీద విరుచుకుపడింది. “ఏం చూస్తారండీ అలా? ఇవాళే కానివ్వండి!”

“ఇంకా రెండు ఆదివారాలు చదవాలమ్మా.”

“ఈలోపు పిల్ల దక్షిణాదికి పోతే పూచీ మీదేనా?”

పెళ్ళయింది. ఆ వెంట్రుకను పీకకూడదని మామ్మ ఒట్టు వేయించుకుంది.

ఇప్పుడు ఆ చర్చికి పైకప్పు లేదు, గోడల మధ్య గొర్రెలు మేస్తున్నాయి. నేను పట్నం మ్యూజియంలో, వెచ్చని గదిలో ఉన్నాను. వచ్చినవాళ్ళు నా అంచు మీద చెయ్యి పెట్టి, ఎన్ని ప్రార్థనలు విన్నానో కదా అని నిట్టూరుస్తారు. ప్రార్థనలు చాలానే విన్నాను, చాలావరకు మర్చిపోయాను. మరిచిపోనిది ఒక్క మాట. తలచుకుంటే ఇప్పటికీ సంతోషంతో ఉక్కిరిబిక్కిరవుతాను.

పెళ్ళయిన కొన్నేళ్ళకు సంగతి. మాగ్నస్‌కు గడ్డం రానేలేదు. మార్జరీ మామ్మకు చూపు ఆనడం తగ్గి, నడవడానికి గ్రిజెల్ చెయ్యి కావలసి వచ్చింది. ఒక ఆదివారం ఊరికి కొత్తగా వచ్చిన ఉన్ని వ్యాపారి ఒకడు, చర్చి గుమ్మంలో మాగ్నస్‌ను చూసి పగలబడి నవ్వాడు. “ఏం మామ్మా, మీవాడి గడ్డం ఏ పిల్లి నాకేసింది?”

మామ్మ ఆగింది. తాను పట్టుకున్న చేతిని రెండు చేతులా దగ్గరికి తీసుకుంది.

“మావాడి గడ్డానికేం బాబూ, మా ఇంట్లోనే ఉంది. నా మనవరాలి దగ్గర దాచుకున్నాం.”