తెల్లారని బుధవారం

ఎండుటాకులు నేల మీద పరిచి, కర్పూర అరటి గెలను వాటి మీదికి దొర్లించి, రెండు కొసలూ దగ్గరికి లాగి తాడు బిగించింది చిట్టెమ్మ. రావులపాలెం అరటి మార్కెట్లో ఆమె పని అంతే. వేలంపాట అయిపోయిన గెలల్ని చుట్టడం, లారీ దాకా మోయడం. అరటి జిగురు పట్టి చేతులు మోచేతుల వరకూ నల్లబడ్డాయి. ఏ సబ్బుకీ లొంగని నలుపు అది. నలభై నిండకుండానే నడుం ముసలిదానిలా వంగింది.

ఆ పూట గుమస్తా మణిశంకర్ కొత్త సెల్‌ఫోను చేత్తో పట్టుకుని ఊరేగుతున్నాడు. తేదీ కొడితే అది ఏ వారమో చెప్పే ప్రోగ్రాం ఉందట అందులో. కూలీలంతా పని మానేసి అతని చుట్టూ మూగారు. పుట్టినరోజు తెలిసినవాళ్లు అది చూపించుకున్నారు, తెలియనివాళ్లు పెళ్లిరోజు.

"నీకేమన్నా చూడాలా చిట్టెమ్మా?" అన్నాడు.

ఆమెకు తెలిసిన తేదీ ఒక్కటే, అత్తింట్లో అడుగుపెట్టిన రోజుది. కాపురానికి పంపుతూ తండ్రి ఇచ్చిన ఇత్తడి బిందె మీద, పేరు కింద చెక్కించింది. చింతపండు పెట్టి తోమినప్పుడల్లా వేళ్లకు తగిలే అంకెలు.

"పదారు, అయిదు, ఎనభై నాలుగండి. మంగళారమేలెండి, నాకు తెలుసు."

మణిశంకర్ మీటలు నొక్కాడు. "మంగళవారం కాదు. బుధవారం."

"సరిగ్గా కొట్టండి."

మళ్లీ కొట్టాడు. బుధవారమే.

ఇంకొకరికైతే నవ్వులాట. చిట్టెమ్మ చేతిలోంచి తాడు జారిపోయింది. మంగళవారం గడప తొక్కిన కోడలు! ఏడాది తిరక్కుండా మొగుడు పెద్దిరాజు కొబ్బరిచెట్టు మీంచి పడి చచ్చిపోతే, శవం పక్కనే కూర్చుని అత్త అమ్మణ్ణి ఊరందరికీ వినబడేలా అన్న మాట అది. ఊరు నమ్మింది. ఊరిదేముంది, చిట్టెమ్మే నమ్మింది. విత్తనాల ధాన్యం ముట్టుకోలేదు. చెల్లెలి పెళ్లికి వెళ్లి, అరుగు మీదే కూర్చుని తిరిగొచ్చేసింది. లారీ నడిపే బుల్లబ్బాయి పెళ్లి చేసుకుంటానని వెంటపడితే, ఇంకో మగాణ్ణి చంపుకోలేనని తలుపేసుకుంది. అతను మాత్రం ఎన్నాళ్లు చూస్తాడు? ఎవరినో చేసుకుని యానాం వెళ్లిపోయాడు. ఇంత బతుకూ ఒక ముసలిదాని నోటిమాటకి తగలబడిపోయిందా!

ఒళ్లు మండిపోయింది. మిగిలిన గెలలు అలాగే వదిలేసి నడిచింది. మణిశంకర్ వెనక నుంచి కేకేస్తున్నా తిరిగి చూడలేదు. ఏమేమి అనాలో దారి పొడుగునా కూడబలుక్కుంది.

అమ్మణ్ణి మంచం పట్టి చాలా కాలమైంది. ఎముకల మీద తోలు తప్ప ఏమీ మిగల్లేదు. రోజూ చిట్టెమ్మే రాగిజావ కాచి, తల ఎత్తి పట్టుకుని, చెంచాతో పోస్తుంది. ఇవాళా కాచింది. చేతుల అలవాటు, ఏం చేస్తుంది! గ్లాసు పట్టుకుని వచ్చి మంచం దగ్గర నిలబడింది.

"నేనొచ్చింది బుధారమంట అత్తా. ఫోన్లో చూశారు. ఇన్నేళ్లూ మంగళారం మంగళారమని నా ఉసురు పోసుకున్నావు."

ముసలిదాని పెదవులు కదిలాయి. "తెల్లారకుండా బుధారం ఎక్కడిదే?"

"ఏంటి?"

"పొద్దు పొడిస్తేనే కదా వారం మారేది. పొడిచాకే లోపలికి తీసుకెళ్లమన్నారు పంతులుగారు. మీ వ్యాను ముందే వచ్చేసింది. ఒకటే వాన. అందరూ ఆగమన్నారు. నేనే రమ్మన్నాను."

"నువ్వా? ఎందుకు?"

"నా కొడుకు తడిసిపోతన్నాడే."

ఆ చీకటి, నెత్తి మీద చెంగు, ఎవరో చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి లాగడం చిట్టెమ్మకు గుర్తొచ్చాయి. లాగింది ఈ చెయ్యే.

"మరి నన్నెందుకన్నావు?"

"నా మూలంగానే పోయాడనుకుంటే నేనెలా బతకాలే?"

"నేను బతకొద్దా?" అని అరిచింది చిట్టెమ్మ. "నాది బతుకు కాదా?"

జావ గ్లాసును మంచానికి అందనంత దూరంలో, కిటికీ గట్టు మీద ఠపీమని పెట్టి చిట్టెమ్మ బయటికి వెళ్లిపోయింది. తాగించకుండా వెళ్లడం అదే మొదటిసారి.

పెరట్లో కూర్చుని ఏడ్చింది. అత్తను తిట్టింది, పంతులుగారిని తిట్టింది, వానలో కాసేపు నిలబడలేకపోయిన మొగుణ్ణీ తిట్టింది. ముసలిది పిలిచినా పలకకూడదనుకుంది. ఎంతకీ పిలుపు రాకపోయేసరికి తనే లోపలికి వెళ్లింది. అమ్మణ్ణి కళ్లు కిటికీ వైపు తెరుచుకునే ఉన్నాయి. ఊపిరి లేదు.

పక్కింటి రత్నమాణిక్యం పరుగున వచ్చి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, కళ్లు ఒత్తుకుని, అందరూ అడిగేదే అడిగింది. "ఏ వేళకి పోయింది చిట్టెమ్మా? వేళ మంచిది కాకపోతే ఇల్లు మూసెయ్యాలేమో, పంతులుగారిని అడగాలి కదా."

"తెలీదండి. తెలిసినా చెప్పను. ఈ ఇంట్లో వారాలూ వేళలూ ఇంకెవరూ చూడక్కర్లేదు."

కోపం పిసరంత కూడా తగ్గలేదు. ఇక దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక పళ్లు బిగబట్టి నిలబడింది. నలుగురూ వచ్చి అమ్మణ్ణిని వాకిట్లోకి మోసుకుపోయారు. కిటికీ గట్టు మీద గ్లాసులో జావ చల్లారి, పైన తెట్టు కట్టి, నిండుగా అలాగే ఉంది.