గోళ్ళలో తెల్లరంగు

చారన్నం కలుపుకుంటున్న కొడుకు చేతివంక చూసిన నాగకుమారికి గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. బొటనవేలి గోరు కింద సన్నటి తెల్లగీత. ముందు మెతుకనుకుంది. మెతుకైతే చారులో జారిపోవాలి కదా. ఇది జారలేదు.

"ఏంట్రా అది?"

"సుద్దమ్మా." వెంకన్న చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

ఆమె వదల్లేదు. మణికట్టు పట్టుకుని దీపం దగ్గరికి లాగింది. తన గోటితో గీకి చూసింది. సుద్దలా రాలలేదు, జిగటగా సాగింది. పడవలకు పూసే రంగు. ఒక్క గోరు కాదు, మూడు గోళ్ళలోనూ ఉంది.

ఆమె చటుక్కున వీధి తలుపువంక చూసింది. ఎందుకంటే అంతకు కాసేపటి ముందే ఆమె భర్త రామభద్రరావు ఖజానా ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా కొయ్యకు తగిలిస్తూ చెప్పాడు. "బళ్ళో పేర్ల పలక మీద ఎవరో మళ్ళీ ఆదికేశవన్ పేరు రాశారట. రేపు పొద్దున్నే పోలీసులొచ్చి పిల్లల చేతులు చూస్తారట. దొరికినవాణ్ణి బళ్ళోంచి తీసేస్తారు. వాడి తండ్రి సర్కారు నౌకరైతే ఆ తండ్రికీ ఉద్వాసనే."

"ఏ తల్లి కన్న బిడ్డో, పాపం" అంది అప్పుడు నాగకుమారి.

ఇప్పుడు ఆ తల్లి ఎవరో తెలిసింది.

భర్త వీధరుగు మీద విసనకర్రతో విసురుకుంటున్నాడు. మధ్యలో ఒక్క తలుపు. ఆమె గొంతు బాగా తగ్గించింది.

"నువ్వే రాశావా?"

వాడు చెయ్యి విడిపించుకుని మళ్ళీ అన్నం కలపసాగాడు.

"చెప్పవేంట్రా? ఇంకా ఎవరెవరున్నారు?"

"నేనే రాశాను. కుంచె లేక వేలితో రాశాను."

"ఒక్కడివేనా?"

"నేనే రాశానన్నానుగా" అన్నాడు వాడు, పళ్ళెంలోకి చూస్తూ.

అది యాభైనాలుగో సంవత్సరం. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ళు ఉంటారో పోతారో ఎవరికీ తేలని రోజులు. ఇండియాలో కలవాలనేవాళ్ళు కొందరు, వద్దనేవాళ్ళు కొందరు, ఎవరు గెలిస్తే వాళ్ళతో ఉందామనుకునేవాళ్ళు తక్కినవాళ్ళు. యానాం నుంచి బదిలీ మీద వచ్చి సారం పేటలో అద్దెకుంటున్న నాగకుమారికి ఈ మూడు జట్లలో దేనిలోనూ చేరాలని లేదు. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. కొడుకు దగ్గితే క్షయేమోననీ, వాన పడితే గోడ కూలుతుందేమోననీ, పోస్టువాడు గుమ్మం ముందు ఆగితే ఎవరు పోయారోననీ ఆమెకు భయం. ఊళ్ళో ఇన్ని గొడవలు జరుగుతుంటే ఆమె కోరేది ఒక్కటే. కొడుకు బడి చివరి పరీక్ష, ఫ్రెంచివాళ్ళ బ్రెవే, ప్యాసై బయటపడాలి.

ఆ బళ్ళో పెద్దహాలు గోడకు నల్లటి చెక్కపలక ఒకటి ఉంది. ఏటేటా బ్రెవే పరీక్షలో మొదటివాడుగా నెగ్గిన కుర్రాడి పేరు దాని మీద తెల్ల అక్షరాలతో రాస్తారు. జడ్జీ అయినవాడు, సైగాన్ వెళ్ళి డాక్టరైనవాడు, ఇప్పటి హెడ్మాస్టరు భక్తవత్సలం, అందరి పేర్లూ అందులో ఉన్నాయి. నాగకుమారి పక్కింటి అమ్మాయమ్మ కొడుకు ఆదికేశవన్ పేరు కూడా ఉండేది. కోర్టులో మంచి ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు బడికొచ్చి పిల్లలకు ఊరికే లెక్కలు చెప్పేవాడతను. తరవాత విలీనం జట్టులో చేరాడు. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేసరికి గోరిమేడు సరిహద్దు దాటి ఇండియా వైపు వెళ్ళిపోయాడు. మర్నాడే పై అధికారులు చెప్పి అతని పేరు మీద నల్లరంగు పూయించారు.

"ఆయన మొదటివాడుగా నెగ్గాడా లేదా? అది చెప్పమ్మా" అన్నాడు వెంకన్న.

"నెగ్గాడు. నెగ్గి ఏం చేశాడు? వాళ్ళమ్మ గుమ్మంలో ఒక్కతీ కూర్చుని దారి చూస్తోంది."

"మమ్మల్ని ఆ పలక కింద నిలబెట్టి, 'ఇంకా ఎంత చోటుందో చూడండ్రా, అదంతా మీదే' అనేవాడు. నాకు లెక్కలంటే భయం పోయింది అందుకే. ఇప్పుడు ఆయన పేరే తుడిచేస్తే, రేపు నేను నెగ్గినా ఏం లాభం? నచ్చితే ఉంచుతారు, నచ్చకపోతే తుడుస్తారు."

"నువ్వు నెగ్గక్కర్లేదురా! ప్యాసైతే చాలు. నీ పేరు ఎవరూ ఎక్కడా రాయక్కర్లేదు. లే, చెయ్యి కడుక్కో."

దొడ్లో బావి దగ్గర సున్నిపిండితో రుద్దింది. చింతపండుతో రుద్దింది. బూడిదతో తోమింది. గోళ్ళ చుట్టూ చర్మం ఎర్రబడిందే గాని రంగు కదల్లేదు. ఇక మిగిలింది కిరసనాయిలు. ఇండియావాళ్ళు సరుకులు ఆపేసిన దగ్గర్నుంచి ఊళ్ళో కిరసనాయిలు దొరకడం గగనమైపోయింది. ఇంట్లో ఉన్నది దీపంలో ఉన్నదే. ఒక్క క్షణం ఆలోచించి, దీపం ఆర్పేసి, ఉన్నదంతా గిన్నెలోకి ఒంపింది. గుడ్డపేలిక ముంచి ఒక్కొక్క గోరూ తుడిచింది. వాడు కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. చిన్నప్పుడు ముల్లు తీయించుకునేటప్పుడూ ఇలాగే కూర్చునేవాడు.

"ఏమిటే ఆ వాసన? దీపమెందుకు ఆరిపోయింది?" అరుగు మీంచి రామభద్రరావు కేకేశాడు.

"చెయ్యి తగిలి ఒలికిందండీ."

"ఒలికిందా! ఈ కరువులో ఒలకబోశావా? రేపట్నుంచి మిణుగురు పురుగులు పట్టుకొచ్చి పెట్టుకో."

ఆమె గిన్నె పక్కకు జరిపింది. చీకట్లో కొడుకు గోళ్ళు తడిమి చూసుకుంది, రంగు పోయిందో లేదో వేళ్ళకే తెలుస్తుందన్నట్టు.

పొద్దున్న వెలుగులో చూస్తే గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. జ్వరమని ఇంట్లో పడుకోబెడదామనుకుంది గాని, ఇవాళ రానివాడే దొంగ అంటారేమోనని భయపడి పంపించింది. వాడు సందు మలుపు తిరిగేదాకా చూసి, దొడ్లోకి వచ్చి చేద బావిలో వేసింది.

గోడ అవతల్నుంచి అమ్మాయమ్మ తల కనిపించింది. తాతల నాటినుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు వాళ్ళు. కొడుకు సరిహద్దు దాటినప్పటినుంచీ ఆవిడతో మాట్లాడితే ఎవరు చూస్తారోనని నాగకుమారి తప్పుకు తిరుగుతోంది.

"ఏంది నాగమ్మా, తలకు కిరసనూనె పూసుకుంటివా? పేన్లు పడినాయా?"

నాగకుమారి చేద వదిలేసింది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. రాత్రి రెండుసార్లు కుంకుడు రసంతో కడుక్కున్న చెయ్యి. అయినా గుప్పుమంది. తనకే ఇంత వాసనొస్తే, గిన్నెడు నూనెలో నానిన వాడి చేతులో? రంగు పోగొట్టింది సరే, రంగు పోగొట్టారని చెప్పే వాసన చేతులకు అంటించి పంపింది తను. కొడుకుని తనే పట్టిచ్చినట్టయింది.

"దేవుడా" అంటూ చెంగు బిగించింది.

అమ్మాయమ్మ ఆమె మొహం చూసింది. తరవాత మెల్లగా అడిగింది. "మీవాడా?"

"కాదు! కాదండీ, మావాడెందుకవుతాడు?"

"కాదులే." ఆవిడ లోపలికి వెళ్ళి నిమ్మకాయ తెచ్చి గోడ మీద పెట్టింది. "ఇది ఎత్తుకోని పో. చేతులకు పిండితే వాసన చచ్చిపోతాది. మీవాడు కాకపోతే పప్పులో పిండుకో. మా ఆది పేరు చెరిపేసిన్నాడు నేను ఏడవలేదు నాగమ్మా. నీ బిడ్డ రాసినాడని నువ్వు ఏడవబాక. పో, బిరబిరా పో."

సారం నుంచి బడికి ఆమె ఎప్పుడూ నడిచి వెళ్ళలేదు. అసలు ఆ బడి గేటు దాటిందే లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా, దారిలో ఎవరు పలకరించినా ఆగకుండా, పెద్దకాలవ పక్కనుంచి దాదాపు పరుగెత్తింది. పోలీసు జీపులో వెంకన్న ఉన్నట్టూ, వాడి వెనక వాళ్ళ నాన్న ఉన్నట్టూ, యానాంలో తన పుట్టింటివాళ్ళకు తంతి అందినట్టూ, అన్నీ కళ్ళ ముందు కనిపిస్తూనే ఉన్నాయి.

ఆమె వెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. బ్రెవే తరగతి కుర్రాళ్ళంతా ముంగిట్లో వరసగా నిలబడి చేతులు చాపి ఉన్నారు. వరండాలో కుర్చీలో ఒక ఫ్రెంచి దొర. పక్కన తల వంచుకుని హెడ్మాస్టరు భక్తవత్సలం. ఎర్రటోపీ పెట్టుకున్న పోలీసు హెడ్డు గోవిందస్వామి ఒక్కొక్కడి వేళ్ళూ తిప్పి తిప్పి చూస్తున్నాడు. నాగకుమారి గేటు పక్క స్తంభం చాటున నిలబడింది. గుప్పిట్లో నిమ్మకాయ నలుగుతోంది.

మొదటి కుర్రాడి గోళ్ళు బాగానే ఉన్నాయి. గోవిందస్వామి ముందుకు కదలబోయి ఆగాడు. వంగి ఆ చెయ్యి వాసన చూశాడు. నవ్వాడు. చెవి పట్టుకుని వరసలోంచి బయటికి లాగాడు.

"దీపాలకు లేని కిరసనూనె మీ చేతులకు యాడ దొరికింది తంబీ?" అన్నాడు తమిళ యాస తెలుగులో, అందరికీ వినబడేలా.

రెండోవాణ్ణి కూడా లాగాడు. మూడోవాడు వెంకన్న. వాడి చెవి పట్టుకునేసరికి నాగకుమారి కాళ్ళు వాటంతటవే ముంగిట్లోకి నడిచాయి.

"అయ్యా, వాడికి గజ్జి. నేనే పూశాను కిరసనాయిలు. వేళ్ళ సందుల్లో గజ్జి లేచింది బాబూ, మా ఊళ్ళో దానికదే మందు."

వెంకన్న నోరు తెరిచి తల్లిని చూశాడు. గోవిందస్వామి కూడా ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"నీ కొడుక్కి గజ్జి. సరేమ్మా. మరి వీడికో? వీడికీ గజ్జేనా?" నాలుగోవాడి చెయ్యి ఎత్తి వాసన చూశాడు. "వీడికీనా?" ఐదోవాణ్ణి లాగాడు. "ఏందమ్మా, నీ మందు బడంతా పంచిపెట్టినావా?"

అప్పుడు తెలిసింది నాగకుమారికి. గాలి ఇటు తిరిగి ఆ వాసన ఆమెదాకా వచ్చింది, ఒక్క చేతిది కాదు, వరస మొత్తానిది. పిల్లలందరి వేళ్ళూ రుద్ది రుద్ది ఎర్రగా కందిపోయి ఉన్నాయి. రాత్రి ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది తల్లులు దీపాలు ఆర్పేశారో. రాసింది వెంకన్న ఒక్కడే కాదు. ఒక్కొక్కడూ ఒక్కొక్క గీత గీశారు, ఒకడి పేరు ఇంకొకడు చెప్పకుండా.

ధైర్యం రావలసిందిపోయి ఆమెకు భయం రెట్టింపయింది. ఇంతమందినీ తీసేస్తారా? తీసేస్తారు, వాళ్ళకేం? బయటికి లాగినవాళ్ళ వరస పెరుగుతోంది. గోవిందస్వామి నవ్వుతూనే వచ్చి ఒక కుర్రాడి ముందు ఆగాడు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

పొట్టిగా, నల్లగా, గోవిందస్వామి ముక్కే ఊడదీసి పెట్టినట్టున్నాడా కుర్రాడు. ఆయన కొడుకు ఇరుసప్పన్. చేతులు చాపి నేల చూపులు చూస్తున్నాడు.

గోవిందస్వామి ఆ చేతులు పట్టుకున్నాడు. వంగక్కర్లేకపోయింది. నిలబడి ఉండగానే తెలిసినట్టుంది.

"రాత్రి ఇంట్లో దీపం ఎందుకు వెలగలేదురా?" అన్నాడు తమిళంలో, చాలా చిన్నగా.

"నూనె లేదంది అమ్మ."

"నిన్న సాయంత్రం నేనే కదరా తెచ్చిచ్చాను."

వరండాలో దొర విసుగ్గా ఏదో అడిగాడు. భక్తవత్సలం తల ఎత్తి గోవిందస్వామిని చూశాడు. నాగకుమారి గోవిందస్వామి పెదాలవంకే చూస్తోంది. ఈ మనిషి నోటి నుంచి వచ్చే మాట మీదే ఉంది అంతా, కొడుకు చదువు, భర్త ఉద్యోగం, పొయ్యి మీద ఎసరు.

గోవిందస్వామి టోపీ సర్దుకుని దొర ముందుకెళ్ళి సలాం కొట్టాడు. ఫ్రెంచిలో ఏదో చెప్పాడు. దొరకు అర్థమైనట్టు లేదు. అప్పుడాయన తన ముంజెయ్యి చాపి బరబరా గోక్కుని చూపించాడు. కుర్రాళ్ళవంక చెయ్యి తిప్పి, మళ్ళీ గోక్కున్నాడు. చివరికి వేలెత్తి నాగకుమారిని చూపించాడు.

దొర కుర్చీ చప్పున వెనక్కి జరిగింది. ఆయన జేబురుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు, ఎవరినీ ముట్టుకోకపోయినా. హెడ్మాస్టరుతో రెండు ముక్కలు గట్టిగా అని, జీపెక్కాడు.

జీపు కాలవ దాటేదాకా భక్తవత్సలం దానివంకే చూశాడు. తరవాత పిల్లలవైపు తిరిగాడు. "బడిలో గజ్జి వ్యాపించిందట. రెండు రోజులు సెలవు. ఇళ్ళకెళ్ళి చదువుకోండి." బంట్రోతును పిలిచి, నల్లరంగు డబ్బా తెమ్మన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఎవరివంకా చూడలేదు.

గోవిందస్వామి కొడుకు చెవి పట్టుకుని నడిపించుకుపోతూ నాగకుమారి దగ్గర ఆగాడు. "ఇంకోసారి గజ్జి వచ్చిందంటే నేను చూడనమ్మా. నా చేతుల్లో ఉండదు."

"రాదు బాబూ, రాదు" అంది ఆమె, రెండు చేతులూ జోడించి. నిమ్మరసం మోచేతులదాకా కారుతోంది.

కాలవ పక్కన నడుస్తుంటే వెంకన్న ఆమె పక్కనే నడిచాడు. వాడి మొహంలో భయం పోయింది. దాని చోట వచ్చినదాన్ని చూస్తే ఆమెకు అంతకంటే భయమేసింది.

"బంట్రోతు పూసేసి ఉంటాడు ఈపాటికి" అన్నాడు వాడు.

"పూయనీ."

"ఊఁ" అన్నాడు. కాలవలోకి రాయి విసిరి, "సెలవు రెండు రోజులేగా" అన్నాడు.

ఆ మాటకు అర్థం ఆమె అడగలేదు. తెలుసు. తిట్టాలనుకుంది, ఒట్టు వేయించుకోవాలనుకుంది, తల నేలకేసి కొట్టుకుని ఏడవాలనుకుంది. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం వేరే మాట.

"ఇంట్లో కిరసనాయిలు చుక్క లేదురా."

వాణ్ణి ఇంటికి పంపించి సీసా తెప్పించుకుంది. సర్కారు డిపో ముందు అప్పటికే ఆడవాళ్ళు బారులు తీరి ఉన్నారు. ఎవరూ ఎవరి చేతులూ చూడలేదు. ముందున్నావిడ, ఎర్రబడ్డ వేళ్ళను చెంగులో దాచుకుంటూ, వెనక్కి తిరిగి తమిళంలో అడిగింది. "మీ ఇంట్లోనూ అయిపోయిందా అక్కా?"

"అయిపోయింది" అంది నాగకుమారి వచ్చీరాని తమిళంలో.

"మనిషికి ఒక్క సీసానే ఇస్తారట."

నాగకుమారి బారు పొడవునా ఒకసారి చూసింది. అక్కడ నిలబడ్డవాళ్ళల్లో ఎంతమందికి బ్రెవే తరగతిలో కొడుకులున్నారో.

"ఒకటి ఎలా సరిపోతుందమ్మా?" అంది. "పరీక్షలయ్యేదాకా రావాలి కదా."