కాగితం మీది మొగుడు

వెంకటవ్వ పొద్దున్నే చీపురు చేతబట్టుకుని వచ్చి లింగవ్వ వాకిట్లో చతికిలబడింది. లింగవ్వ అప్పుడే సద్ది మూట కట్టుకుని, చెరుకు కొట్టే కత్తి చంకలో పెట్టుకుని బయలుదేరబోతోంది. బోధన్ ఫ్యాక్టరీలో చెరుకు ఆడిస్తున్న రోజులు. కోతకు పోయేవాళ్లు ఎండ ఎక్కకముందే చేన్లో దిగాలి.

“ఏంది పెద్దవ్వా, పొద్దుగాలనే చీపురు పట్టుకొని వచ్చినవ్?”

“సవితి ఇల్లు ఎట్లున్నదో సూసిపోదామని వచ్చిన. ఊడ్సుకుంటదో లేదో అని చీపురు గూడ తెచ్చుకున్న.”

లింగవ్వకు ఏమీ అర్థం కాలేదు. వెంకటవ్వ భర్త సిద్దిరాములు ఆ ఊరి బైండ్లాయన. పోశవ్వ పండుగకు జమిడిక వాయించి కథ చెప్పి, దేవత ముందు జరగాల్సిన తంతులన్నీ జరిపించేవాడు. పళ్లూడిపోయిన ముసలి మనిషి. లింగవ్వ ఆయన్ను పెద్దబాపు అని పిలుస్తుంది.

“పంచాయతి ఆఫీసు గోడకు ఓట్ల లిస్టు అంటిచ్చిండ్రు. మా మనుమడు సదివొచ్చి చెప్పిండు. ఇన్నేండ్లు నా మొగనికి నేనొక్కదాన్నే అనుకున్న. లిస్టుల సూస్తే నలుగురం ఉన్నం. నేను, నువ్వు, గంగుబాయి, తారాబాయి. ఇగ పండుగకు నలుగురికి చీరెలు తేవాలె గద, పా, పోయి అడుగుదాం.”

అలా అంటూనే వెంకటవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. “నన్నొక్కదాన్ని సాకుడే శాతగాలె ఆ ముసలోనికి. నలుగురినట.”

లింగవ్వ నవ్వలేదు.

ఆమె, గంగుబాయి, తారాబాయి ముగ్గురూ జోగినులు. చిన్నప్పుడే పోశవ్వకు ఇచ్చేసిన ఆడపిల్లలు. ఇచ్చిన రోజు దేవత పేరు మీద మెడలో తాళి పడుతుంది. ఆ తర్వాత ఇంకెవరితోనూ పెళ్లి ఉండదు, కాపురం ఉండదు. చీకటి పడ్డాక తలుపు తట్టిన పెద్దమనుషులు తెల్లారి తొవ్వలో ఎదురైతే మొహం తిప్పుకుని పోతారు. లింగవ్వ ఏనాడో ఆ తలుపుకు గడియ పెట్టి చెరుకు కోతకు పోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత సర్కారు ఆ ఆచారమే నేరమని చట్టం చేసింది. కాని అంతకుముందే తెగిపోయిన బతుకులను ఏ చట్టమూ వచ్చి అతకలేదు.

తప్పు ఎట్లా జరిగిందో మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. పేర్లు రాసుకోవడానికి వచ్చినాయన వాడకట్టుకు రానేలేదు. పాత పటేలు రామస్వామి అరుగు మీద కూర్చుని, చాయ తాగుతూ, ఆయన చెప్పినట్టల్లా రాసుకుపోయాడు. జోగినుల దగ్గరికి వచ్చేసరికి భర్త పేరు ఖాళీగా ఉండకూడదన్నాడట. “తాళి కట్టింది సిద్దిరాములే గద, ఆయన్నే రాయి” అన్నాడట పటేలు. అరుగు మీదున్న వాళ్లంతా నవ్వారట. ఆ నవ్వు అట్లాగే అచ్చయి గోడకెక్కింది.

చెరుకు కొడుతూ గంగుబాయి అంది, “పోనీ తియ్యే. మొగడు లేడనిపిచ్చుకునే కంటె ఎవడో ఒకడు ఉండుడు మంచిదే గద. అడిగేటోడు ఎవడు?”

“నేనే అడుగుత” అంది లింగవ్వ.

దేవతకు ఇచ్చినప్పుడు ఆమె తొమ్మిదేళ్ల పిల్ల. ఇష్టమా అని ఎవరూ అడగలేదు. ఇప్పుడు తలలో తెల్లవెంట్రుకలు వచ్చాక ఒక మనిషికి ఇచ్చేశారు. ఇప్పుడూ అడగలేదు. అది కూడా బాపు అని పిలుచుకునే మనిషికి. చెరుకు గడ మొదట్లో కత్తి వేస్తున్న ప్రతిసారీ అదే ఆలోచన. ఈసారి మాత్రం ఊరుకోవద్దనుకుంది.

మరుసటి రోజు కూలి మానుకుని మండలాఫీసుకు పోయింది. అక్కడి గుమాస్తా దరఖాస్తు రాయడానికి కలం తీశాడు.

“భర్త పేరు తీసెయ్యాల్నా? ఆయన చచ్చిపోయిండా?”

“లేదు సారు.”

“ఇడిసిపెట్టిండా?”

“అసలు లేనోడు ఎట్ల ఇడిసిపెడ్తడు సారు?”

గుమాస్తా కలంతో తల గోక్కుంటూ ఆమె వైపు చూశాడు. తండ్రిది గాని, తల్లిది గాని, భర్తది గాని ఏదో ఒక పేరు ఉండాలన్నాడు. తండ్రి లింగవ్వ పాలు మరవకముందే మరో ఆడమనిషితో నాందేడ్ దిక్కు పోయి మళ్లీ రాలేదు. ఆ పేరు ఆమె నోటికే రాదు.

“తల్లిది రాస్తరా?”

“రాయొచ్చు. కాని ఇప్పుడు భర్త అని పడ్డది గద. ఆ సిద్దిరాములే వచ్చి, ఈమె నా భార్య కాదని తాసిల్దారు సారు ముందల చెప్పాలె. లేకుంటె ఉన్నది ఉన్నట్టే.” విచారణ వచ్చే సోమవారం అని చెప్పి వేలిముద్ర వేయించుకున్నాడు.

ఆ సాయంత్రం తల్లి భీమవ్వకు సంగతి చెబితే ఆమె పొయ్యి ముందు నుంచి లేవలేదు. జొన్నరొట్టె పెనం మీద మాడుతోంది.

“నా పేరెందుకే బిడ్డా. నేను నీకు జేసింది సాలదా?”

లింగవ్వకు జ్వరం తగ్గకపోతే పోశవ్వకు మొక్కింది ఆమే. మొక్కు తీర్చమని పటేలు ఒత్తిడి చేస్తే పిల్లను పసుపు బట్టల్లో నడిపించుకుపోయిందీ ఆమే. ఇన్నేళ్లలో తల్లీబిడ్డలు ఆ రోజు గురించి ఒక్కమాట మాట్లాడుకోలేదు.

“నువ్వు జేసింది నాకు యాదికున్నది అవ్వా. మరిసిపోయిన అని అంటలేను. కాని అయ్య పోయినంక కలుపు తీసి నన్ను సాకింది నువ్వు. గా లిస్టుల నేను ఎవ్వరిదాన్నో రాయాల్నంటె, నీదాన్నే గద.” వంగి పెనం మీది రొట్టె తిప్పింది. “లే, మాడుతున్నది.”

లింగవ్వ పోయి అడిగితే సిద్దిరాములు మాత్రం రానన్నాడు. పటేలు అప్పటికే ఆయన్ను పిలిపించుకుని మాట్లాడాడు. చట్టం పాత తంతులకు కూడా వర్తిస్తుందో లేదో పటేలుకు తెలియదు. తెలియకపోవడం వల్లే భయం ఎక్కువైంది. తాళి ముచ్చట ఆఫీసుకెక్కితే అది తన దాకా వస్తుందని మాత్రం ఆయనకు తెలుసు. “నోరు తెరిస్తె మొదలు నిన్నే జైలుకు తోల్తరు. ఈ ఏడు కల్లంల నీకు వడ్లు గూడ బందు” అన్నాడట. ముసలాయన గొంగడి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

“బిడ్డా, పేరే గద, ఉండనీయి. నేను రేపో మాపో పోతె అదే పోతది” అన్నాడు.

“నువ్వు పోతె నేను ముండమోసినదాన్ని అయిత పెద్దబాపూ. లేని పెండ్లికి అది గూడ నా నెత్తినే పడ్తది” అంది లింగవ్వ. గుమ్మంలో కూర్చుని పప్పు చెరుగుతున్న వెంకటవ్వ చేట ఆపింది.

సోమవారం లింగవ్వ ఒక్కతే మండలాఫీసు వరండాలో కూర్చుంది. భీమవ్వ రానంటే బతిమాలలేదు. కాసేపటికి పటేలు బుల్లెట్ బండి మీద దిగాడు. తెల్లటి పంచె, భుజం మీద జరీ కండువా. ఆమెను అడ్డమొచ్చిన పిల్లిని చూసినట్టు చూసి లోపలికి పోయాడు. పేరు పిలిచేసరికి ఆయన తాసిల్దారు ఎదురుగా కుర్చీలో ఉన్నాడు.

“సార్, గిది మా ఊరి ముచ్చట. లిస్టుల తప్పేం లేదు. సిద్దిరాములే ఈమె మొగడు, ఊరంతకు ఎరుకే. ఈమెకు పని లేక ఆఫీసుల సుట్టు తిరుగుతున్నది” అన్నాడు.

తాసిల్దారు లింగవ్వ వైపు తిరిగాడు. “సిద్దిరాములు వచ్చిండా?”

రాలేదని చెప్పాలి. చెబితే ఇక అంతే. అప్పుడే తలుపు దగ్గర వెంకటవ్వ గొంతు వినిపించింది. “జరుగుండ్రయ్యా, జరుగుండ్రి. మొగణ్ణి తెచ్చిన.”

ముసలాయన చెయ్యి పట్టుకుని, దాదాపు ఈడ్చుకుంటూ తెచ్చింది. ఆయన ఆయాసపడుతున్నాడు. “బస్సుల గూడ వాపసు పోతనన్నడు సారూ. నలుగురు పెండ్లాలను ఏలేటోడివి, ఒక్క సారుకు భయపడ్తవా అన్న” అంది. గుమాస్తా దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“ఈమె నీ భార్యనా?” తాసిల్దారు అడిగాడు.

సిద్దిరాములు పటేలును చూశాడు. పటేలు కండువా సర్దుకున్నాడు. ముసలాయన రెండు తొవ్వల మధ్య నిలబడ్డ మనిషిలా ఉన్నాడు. వెనక నుంచి పొడిస్తే ముందుకు పోడు, ముందు నుంచి లాగితే రాడు. చెయ్యి పట్టుకుని ఒక్కొక్క అడుగూ వేయించాలి.

“సారు, నేను అడుగొచ్చునా?” అంది లింగవ్వ. తాసిల్దారు తలూపాడు.

ఆమె ముసలాయనకు దగ్గరగా పోయింది. “పెద్దబాపూ, ఆనాడు నాకు తాళి కట్టినవ్ గద. ఎవరి పేరు మీద కట్టినవ్?”

అది ఆయనకు తెలిసిన ప్రశ్న. దేవత ముందు అబద్ధం ఆడని మనిషి. “పోశవ్వ పేరు మీద” అన్నాడు.

“నీ పేరు మీద కట్టుకున్నవా?”

“నీ అయ్య అసుంటోన్ని. నోరు మంచిదేనా నీది? థూ థూ.” ఆయన చెంపలు వేసుకున్నాడు.

“మరి కట్టుమని నీకు చెప్పిందెవరు?”

సిద్దిరాములు మెల్లగా తల తిప్పాడు. లింగవ్వ కూడా తిప్పింది. వెంకటవ్వ, గుమాస్తా, అందరి చూపులూ ఒక్క కుర్చీ మీదే ఆగాయి.

తాసిల్దారు కలం తెరిచి కాగితం మీద పెట్టాడు. “చెప్పు పెద్దాయనా. దానికి గూడ జవాబు రాసుకుంట.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పటేలు కుర్చీలోంచి లేచాడు. “ఎందుకు సార్ గదంత. పాత ముచ్చట్లు. ఆమె ఎట్ల రాయమంటె అట్ల రాసెయ్యుండ్రి. నాకేం అభ్యంతరం లేదు.”

“ఇంతకుముందు ఉండె గద?”

“లేదు సార్. నాకు సరిగ్గ యాదికి లేకుండె.”

“అయితె సాక్షి కింద మీరే దస్కత్ పెట్టుండ్రి.” తాసిల్దారు కాగితం ఆయన వైపు జరిపాడు. పటేలు వంగి సంతకం పెట్టాడు. జరీ కండువా కుర్చీ మీదే మరిచిపోయి, మళ్లీ వచ్చి తీసుకుపోయాడు.

బస్టాండులో వెంకటవ్వ ముగ్గురికీ సరిపోయేటన్ని మిర్చీ బజ్జీలు కొనుక్కొచ్చింది. మొగుడి చేతిలో ఒకటి పెట్టి, “తిను. ఇయ్యాల ఒక సవితి తగ్గింది, ఇంక ఇద్దరే” అంది. లింగవ్వకు అప్పుడు నవ్వొచ్చింది. చిన్నగా మొదలై, బస్సెక్కినా ఆగలేదు. ఊళ్లో దిగేసరికి గంగుబాయి, తారాబాయి చెరుకు చేను నుంచే వచ్చి తొవ్వలో నిలబడి ఉన్నారు. ఏమైందని కూడా అడగలేదు. “మాక్కూడ ఆఫీసు తొవ్వ సూపెడ్తవా?” అంది గంగుబాయి.

ఎండలు ముదిరాక ఓట్లు వచ్చాయి. బడి వరండాలో ఆడవాళ్లు ఒక వరస, మగవాళ్లు ఒక వరస. లింగవ్వ వెనకే భీమవ్వ, ముఖం మీదికి కొంగు లాక్కుని నిలబడింది. లోపల పటేలు అల్లుడు ఒక పార్టీ తరఫున ఏజెంటుగా కూర్చుని, పిలిచిన పేరుకల్లా తన కాగితం మీద గీత కొడుతున్నాడు.

లింగవ్వ చీటీ ఇచ్చింది. ఆఫీసరు లిస్టులో వెతికి గట్టిగా చదివాడు. “లింగవ్వ. తల్లి, భీమవ్వ.”

అల్లుడు తలెత్తాడు. “ఏమన్నరు సార్? భర్త పేరు చెప్పుండ్రి.”

“భర్త అని లేదయ్యా. తల్లి. భీమవ్వ.” ఆఫీసరు ఈసారి వరండా దాకా వినపడేటట్టు చదివాడు. మగవాళ్ల వరసలో కూడా తలలు ఇటు తిరిగాయి.

లింగవ్వ వెనక్కి తిరిగి చూసింది. భీమవ్వ కొంగు ముఖం మీంచి ఎప్పుడు తీసేసిందో తీసేసింది. చెంపల మీద తడి అట్లాగే ఉంది, తుడుచుకోలేదు. నలుగురూ చూస్తున్నారని కూడా చూడలేదు.

“ఇనబడ్డది తియ్యే” అంది బిడ్డతో. “నన్నేం సూస్తవ్. ఏలు సూపెట్టు, సిరా పెట్టిచ్చుకో. ఎనుక నేను గూడ ఉన్న.”