పంచినోడే ఆఖరికి

సారక్క పొద్దంతా ఏరిన పత్తిని పటేలు గుమాస్తా లచ్చయ్య ఎనిమిది కుప్పలు పోశాడు. ఏడు కుప్పలు మోకాలి ఎత్తున ఉన్నాయి. ఎనిమిదోది చంటిపిల్ల ఒళ్లో పట్టేంత ఉంది. అదే ఆమె కూలి. మా మారేడుగూడ ఆనవాయితీ అది. ఏరిన పత్తిలో ఒక కుప్ప ఏరిన మనిషిది. కుప్పలు పోసేది గుమాస్తా, ఏ కుప్ప కూలిదో వేలుపెట్టి చూపేదీ గుమాస్తానే. బడి విడవగానే తల్లి కోసం చేనుకు వచ్చిన భూదేవి ఆ చిన్న కుప్పనే చూస్తూ నిలబడింది. సారక్క దాన్ని కొంగులో కట్టుకుని నడిచింది. వెనక సాలులో ఉన్న మా అందరికీ ఒళ్లు మండింది. మా కొంగుల్లోనూ అంతే ఉంది.

రాజురా తాలూకా హైదరాబాదు నుంచి విడిపోయి బొంబాయి రాష్ట్రంలో కలిసిన మరుసటేడు సంగతి ఇది. రాష్ట్రం మారింది. కచేరీలో భాష మారింది, బడిలో పుస్తకం మారింది. అనంతరావు పటేలు చేను గట్టు మాత్రం జానెడు జరగలేదు. జరుపుతామని ఏ సర్కారూ అననూ లేదు.

బడి పంతులు కనకరాజు మా ఊరు ఆదిలాబాదు జిల్లాలో ఉన్నప్పుడు వచ్చినవాడు. జిల్లా పోయినా మమ్మల్ని విడిచిపోలేదు. మరాఠీ పుస్తకం చదివి తెలుగులో విడమరిచి చెప్పేవాడు. భూదేవి ఆ చిన్న కుప్ప చూసిన మర్నాటి పాఠం ఒక పేదవాడి కథ. పొద్దున్నే లేచి ఒళ్లు వంచి పనిచేస్తే ఎవరైనా పైకి వస్తారని అందులో ఉంది. భూదేవి లేచింది.

"పంతులూ, మా అవ్వ ఊరందరికంటె ముందుగాల లేస్తది. మరి పైకెందుకు రాలే?"

పిల్లలు నవ్వారు. కనకరాజు నవ్వలేదు. పుస్తకం మూసి, ఇంట్లోంచి బెల్లం తెప్పించాడు. పటేలు కొడుకు రామకిషన్‌ను పిలిచి వాడితో కలిపి నలుగురికి పంచమన్నాడు. వాడు గడ్డ పగలగొట్టి, పెద్ద ముక్క తన నోట్లో వేసుకున్నాడు. పంతులు కోప్పడలేదు. ఇంకో బెల్లం గడ్డ ఇచ్చి, ఈసారి పంచినవాడే ఆఖరికి తీసుకోవాలన్నాడు. రామకిషన్ కత్తి పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. వంగి ఒంటికన్నుతో చూశాడు. నాలుగు ముక్కలూ సమానంగా వచ్చాయి.

"ఇందాకటి చెయ్యే ఇది," అన్నాడు పంతులు. "మారింది పద్ధతి. మీ అవ్వ పైకి రాకపోవుడు కష్టం తక్కువై కాదు బిడ్డా. పంచెటోడే ముందుగాల తీసుకుంటుండు."

ఆ మాటను భూదేవి పోశన్న వాకిట్లోకి మోసుకొచ్చింది. పత్తి ఏరేవాళ్లలో పెద్దవాడు పోశన్న. సాయంత్రాలు అందరం అక్కడే చేరేవాళ్లం. ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు. పటేలు పని మాన్పిస్తే ఎక్కడికి పోతామని కొందరు గొంతు పెంచారు. పిల్లల బెల్లం ఆట చేన్లో నడవదని పోశన్న తేల్చేశాడు. ఎవరికీ అక్కడ కూర్చోబుద్ధి కాలేదు, లేచి పోబుద్ధీ కాలేదు. ఏ మీటింగులోనూ నోరు విప్పని సారక్క అప్పుడు అంది.

"గంత చిన్న కుప్పకు గింత భయమెందుకు? పోతే గంతే కద పోయేది."

తెల్లారి అందరం పత్తి ఏరాం. లచ్చయ్య కుప్పలు పోసి వేలు చూపాడు. ఎవరమూ ముట్టలేదు. పంచినోడే ఆఖరికి తీసుకోవాలె, ముందుగాల మేం తీసుకుంటం అన్నాం. పత్తి చేన్లోనే ఉండిపోయింది.

పటేలు వచ్చాడు. మాలో ఉన్న మరాఠీ కూలీలను పక్కకు పిలిచి, ఇదంతా తెలుగు పంతులు పెట్టిన చిచ్చనీ, తెలుగువాళ్లను వాళ్ల రాష్ట్రానికి తరిమితే సరిపోతుందనీ చెప్పాడు. తానూ తెలుగువాడేనన్న సంగతి ఆ క్షణాన ఆయనకు గుర్తులేదు. మరాఠీ వాళ్లు ఆయన మాట పట్టించుకోకుండా, పంచినోడే ఆఖరికి అన్న మా మాటనే మరాఠీలో అన్నారు, "వాటే కరణారా శేవటీ ఘేణార్." మాతో పత్తి ఏరే గోండు ఆడవాళ్లు అదే తమ భాషలో అన్నారు. మూడు భాషల్లోనూ పటేలుకు బాగానే అర్థమైంది.

మర్నాడు పోలీసులు బడికి వచ్చారు. పిల్లలకు సర్కారు మీద తిరగబడడం నేర్పుతున్నాడని కనకరాజును పాఠం మధ్యలో పట్టుకున్నారు. పటేలు బడికి తాళం వేయించాడు. పత్తి ఏరుడు అయ్యేదాకా కూలోళ్ల పిల్లలు బడి ముఖం చూడొద్దన్నాడు. భూదేవిని తన ఇంట్లో పనికి పెట్టమని సారక్కకు కబురు పంపాడు. ఒకసారి ఆ ఇంట్లో అడుగుపెట్టిన పిల్ల మళ్లీ పలక పట్టదని మాకందరికీ తెలుసు. బండి ఎక్కుతూ కనకరాజు వెనక్కి తిరిగి, "లెక్క సగంల ఉన్నది, మీరే చెయ్యుండ్రి," అన్నాడు.

మేం భయపడి చేతులు జోడిస్తామనుకున్నాడు పటేలు. సారక్క బిడ్డను పనికి పంపలేదు. బడి లేని పిల్లలంతా పలకలు పట్టుకుని చేనుకు వచ్చి, కుప్పల పక్కన కూర్చున్నారు. పైన మబ్బు పట్టింది. తడిస్తే పత్తి నల్లబడుతుంది. పటేలు గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు, ఆకాశం చూశాడు, మమ్మల్ని చూశాడు. మేం కదల్లేదు. చివరికి లచ్చయ్యతో, "కుప్పలు మళ్ల పొయ్యి. వాళ్లనే ముందుగాల తీసుకోనియ్యి," అన్నాడు.

లచ్చయ్య మొదట సారక్క కుప్పలన్నీ కలిపి మళ్లీ పోశాడు. దీంట్లోంచి పిడికెడు తీసి దాంట్లో వేశాడు. వెనక్కి జరిగి, వంగి చూశాడు. రామకిషన్ కత్తి పెట్టి చూసినట్టే. ఎనిమిది కుప్పలూ సమానంగా లేచాయి. తీసుకోమంటే సారక్కకు చెయ్యి రాలేదు. ఆమె ఏడుస్తోంది.

"నీకు కుప్పలు సమానంగ పొయ్య వస్తదా లచ్చయ్యా? మరి గిన్నేండ్లు?"

మాకు గెలిచిన సంతోషం కంటే ఆ ఏళ్ల మీద కోపమే ఎక్కువ వచ్చింది.

పత్తి కొట్టంలో వేసి, ఎవరూ ఇంటికి పోలేదు. పంతులు రాజురా ఠాణాలో ఉన్నాడు, బడి తాళంలో ఉంది. పిల్లాజెల్లా అందరం రాజురా బాట పట్టాం. మూడు భాషల గోల మా వెంట నడిచింది. పటేలు చేను ఎంత నడిచినా అయిపోదు. ఆ గట్టు పక్కన భూదేవి ఆగింది.

"పోశన్న తాతా, గీ భూములు పంచినప్పుడు ముందుగాల ఎవలు తీసుకున్నరు?"

నడిచేవాళ్లంతా ఆగిపోయారు. పంతుల్ని విడిపించాక ఆయన్నే అడుగుదామని ఎవరో అన్నారు. పోశన్న ఆ చేను వైపు చెయ్యి చాపాడు.

"పంతుల్ని ఎందుకు అడుగుడు? ఆయన చెప్పేది చెప్పిండు. వచ్చేటప్పుడు పటేలునే అడుగుదాం, నడువుండ్రి."