సీసాల పరీక్ష

పన్నెండు మంది ఆడవాళ్లు గేటు దాటబోతుంటే వాచ్‌మన్ కట్టె అడ్డం పెట్టాడు.

"ఇయ్యాల్టి సంది మీకు పని లేదు. మ్యానేజర్ సారు చెప్పిండు."

"ఎందుకు లేదురా? ఏం తప్పు జేసినం?" అని సుక్కమ్మ మీదికి పోయింది. ఆ కంపెనీ పుట్టిననాటి నుంచీ దాని సీసాలు కడిగిన మనిషి.

అప్పుడే బస్సు దిగి పద్దెనిమిది మంది కాలేజీ పిల్లలు వచ్చారు. వాళ్ల కోసం కట్టె పక్కకు తొలగింది. చివరన నడుస్తున్న హలీమా ఆడవాళ్ల మొహాలు చూసింది. ఎందుకు నిలబెట్టారో అడగలేదు. తల వంచుకుని లోపలికి పోయింది.

కేతేపల్లి శివారులో రోడ్డు పక్కనే ఉంది ఆ కంపెనీ. అరటి పిలకలోంచి గోరంత ముక్క కోసి, సీసాలో పెంచి, వేలకు వేలు మొక్కలు చేసి అమ్ముకుంటుంది. బయోటెక్నాలజీ పిల్లలకు రెండు నెలలు చేతిపని నేర్పుతామని కాలేజీకి కాగితం రాసిచ్చింది. "చేతిల పనుంటే ఎవ్వని కాళ్లు మొక్కే పనుండదు బేటీ" అని చెప్పి హలీమాను ఆ కోర్సులో చేర్పించాడు సైకిళ్లు బాగుచేసే తండ్రి దస్తగిరి. పిలక కోసే అద్దాల గదిలో కత్తి పట్టడం వస్తే చాలు, ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుంది. అదే ఆమె ఆశ.

మేనేజర్ రఘుపతి వాళ్లకు నీళ్ల తొట్టి చూపించాడు. "ముందు సీసాలు కడగండి. పునాది అదే."

ఒక వారం కడిగారు. నాలుగు వారాలు కడిగారు. అద్దాల గదిని బయటినుంచి చూడటమే తప్ప గడప తొక్కనివ్వలేదు.

"బాసాన్లు తోముడే బయోటెక్నాలజీ అయితే మా అవ్వ ఎన్నడో పెద్ద సైంటిస్టు అయ్యేది" అన్నాడు పిల్లల్లో ఒకడైన భిక్షపతి. అందరూ నవ్వారు. ఆ నవ్వులో మంట ఉంది.

అయిదో వారం సీసాలకు సీసాలే బూజు పట్టాయి. రఘుపతి తొట్టి దగ్గరికొచ్చి అరిచాడు. "కడుగుడు గూడ రాదు మీకు! ఒక్కని సర్టిఫికెట్ మీద సంతకం పెట్ట."

ఆ సాయంత్రం హలీమా ఒక సీసా పట్టుకుని, ఇదివరకు ఇవి ఎవరు కడిగేవాళ్లో వాచ్‌మన్‌ను అడిగి సుక్కమ్మ ఇంటికి పోయింది.

"నా పని గుంజుకున్నవ్. మల్ల నా తాన్కే వచ్చినవా?" అన్నది సుక్కమ్మ.

"మా కోసం మిమ్మల్ని తీసేసిండ్రని నాకు తెల్వదు సుక్కవ్వా" అన్నది హలీమా.

"తెల్వనోళ్లతోనే వాడు పని జేయించుకుంటడు. ఇటు దే." సుక్కమ్మ సీసా లాక్కుంది. "మూతి లోపల మెట్టుంటది సూడు. కంటికి దొరకదు, ఏలుకు దొరుకుతది. ఏలు పెట్టి తిప్పు. మొక్కను పెంచిన పాత జిగురు మెతుకంత మిగిలినా బూజే."

హలీమా వేలు పెట్టి తిప్పింది. జిగురు తగిలింది. అయిదు వారాల్లో ఆమెకు ఒకరు పని నేర్పడం అదే మొదలు.

తెల్లారి తొట్టి దగ్గర పెద్ద లొల్లి అయింది.

"సంతకం పెట్టకుంటే మన గతేంది?" అన్నాడు భిక్షపతి పక్కన కడుగుతున్న కురుమయ్య.

"ఏం నేర్చినవని సంతకం? ఊకెనే కడిగే చేతులు దొరికినయని పన్నెండు మందిని తోలిండు. మనం కడుగుతున్నన్ని దినాలు వాళ్ల పొయ్యిల కట్టె మనమే గుంజుతున్నం!" అన్నది హలీమా.

కురుమయ్య చేతిలోని సీసా తొట్టి గట్టు మీద పెట్టాడు. "మరి ఏం జేద్దాం?" అన్నాడు.

రెండు నెలలు నిండి, పరీక్ష రోజు పట్నం నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. రఘుపతి పిల్లలకు తెల్లకోట్లు తొడిగించి, మొదటిసారి అద్దాల గదిలో నిలబెట్టి, చేతికి కత్తులిచ్చాడు.

"నేర్చుకున్నది చేసి చూపించండి" అన్నాడు ఎగ్జామినర్.

హలీమా కత్తి కింద పెట్టి కోటు విప్పింది. పద్దెనిమిది కోట్లు కుప్ప పడ్డాయి. సీసాల గంపలెత్తుకుని అందరూ గేటు బయటికి నడిచారు. అక్కడ సుక్కమ్మవాళ్లు బకెట్లలో నీళ్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ముప్పై మందీ కింద కూర్చుని కడగడం మొదలుపెట్టారు.

వెంటపడి వచ్చిన ఎగ్జామినర్ నోరు తెరిచాడు. "ఏమిటిది?"

"పరీక్ష సార్. రెండు నెలల్ల నేర్చింది గిదే. నేర్పిన పంతులమ్మ గీమె" అని సుక్కమ్మను చూపించింది హలీమా. "గీ పన్నెండు మందిని పనిలకు తీస్కోవాలె. మాకు కత్తి పట్టుడు నేర్పాలె. గప్పటిదాంక లేవం."

రఘుపతి ఫోను చేశాడు. జీపు వచ్చింది. "ఎవరయ్యా దీనికి లీడరు?" అని, పరీక్షకు కాలేజీ తరఫున వచ్చిన లెక్చరర్ ఇస్రాయేలును గద్దించాడు ఎస్సై. ఇస్రాయేలు సారు భయస్థుడు. అయినా, "అందరూ" అన్నాడు.

సుక్కమ్మనూ హలీమానూ జీపులోకి తోశారు. "సీసాల మీద కేసు ఏం రాస్తరు సారూ?" అని సుక్కమ్మ ఎగతాళి చేసింది. హలీమా తడిచేతి పిడికిలి బయటికి చాపి అరిచింది. "మూతి మెట్టు మర్వకుండ్రి! ఏలు పెట్టి సూడుండ్రి!"

తెల్లారేసరికి గేటు ముందు కాలేజీ మొత్తం ఉంది. దస్తగిరి దుకాణం మూసి వచ్చాడు. ఊరి కూలీలు వచ్చారు. ప్రతి చేతిలో ఒక సీసా. లోపల తొట్టి పక్కన మురికి సీసాలు గుట్ట పడి ఉన్నాయి. అద్దాల వెనక రఘుపతి ఒక్కడే నిలబడి చూస్తున్నాడు. కడిగే చేయి ఒక్కటి కూడా లోపల లేదు.